రూపము లేనిదానిని చూచిన కన్నులు

మనుష్యుడు ఎప్పటినుండి మనుష్యుడు? ఈ ప్రశ్న పండితుల తర్కమునకు మాత్రమే చెందినదని కొందరు తలంచుదురు. కాని నెల తప్పిన దినమున భార్యాభర్తలు ఒకరి ముఖమొకరు చూచుకొనినప్పుడు, ఆసుపత్రి గది వెలుపల బల్లమీద కూర్చుండి పిలుపుకొరకు కనిపెట్టుచున్నప్పుడు, నెలలు నిండకమునుపే బిడ్డను పోగొట్టుకొనిన తల్లి మౌనముగా ఇల్లు చేరినప్పుడు, ఈ ప్రశ్న మన ఇండ్లలోనికే వచ్చుచున్నది. బిడ్డ పుట్టిన తరువాత పేరు పెట్టుటకును, సంఘము ఎదుట దేవునికి అప్పగించుటకును మనకు ఒక క్రమము కలదు. పుట్టకమునుపు గడచిన తొమ్మిది నెలలను గూర్చి మాత్రము మన ప్రసంగపీఠములు ఎక్కువగా మాటలాడవు. క్రిస్మసు కాలమున తప్ప గర్భమను మాట మన ఆరాధనలలో అరుదుగా వినబడును.

139వ కీర్తన ఈ మౌనమును భంగము చేయుచున్నది. దేవుని సన్నిధినుండి పారిపోదలచినవానికి చోటెక్కడ అని కీర్తనకారుడు వెదకుచు, ఆకాశమునకు ఎక్కి, పాతాళమునకు దిగి, సముద్రపు అంచులకు పోయి, చీకటి చాటున దాగి చూచి, కట్టకడపట తల్లి గర్భమునకు వచ్చుచున్నాడు. మనుష్యుని కన్ను చేరలేని స్థలములలో అది మిక్కిలి సమీపమైనది, మిక్కిలి మరుగైనది. అక్కడ కూడ తాను చూడబడితిననునదే అతని సాక్ష్యము. ఈ సాక్ష్యమును, గర్భస్థ శిశువు పెరుగుదలను గూర్చి నేడు మనకు తెలిసిన సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. మగ్గమునకు చెందిన మాటలు

తెలుగు బైబిలు చదువరులకు ఈ కీర్తనలో “నిర్మించు” అను క్రియ పరిచితమైనది. ఆ మాట వినగానే ఇల్లు కట్టువాడు మన మనస్సున మెదలును. హెబ్రీ మూలమందలి చిత్రము వేరు. 13వ వచనములో వాడబడిన సాకక్ అను ధాతువునకు అల్లుట, నేయుట అను అర్థమును పండితులనేకులు గ్రహించుచున్నారు. యోబు గ్రంథము 10వ అధ్యాయములో ఎముకలతోను నరములతోను మనుష్యుడు కూర్చబడుటను గూర్చి చెప్పిన చోట వచ్చునది ఇదే ధాతువు. 15వ వచనములోని రాకమ్ అను ధాతువు రంగు నూలుతో బుటా పని చేయుటకు చెందినది. ప్రత్యక్ష గుడారపు ద్వారమున వ్రేలాడిన తెరను, ప్రధాన యాజకుని నడికట్టును తయారుచేసిన పనివానికి నిర్గమకాండము ఈ ధాతువునుండి పుట్టిన పేరునే ఇచ్చుచున్నది. మన అనువాదకులు ఈ వచనములో “విచిత్రముగా” అను మాటను వాడిరి. నేటి చదువరికి విచిత్రమనగా వింత. సంస్కృతమున దాని తొలి అర్థము పలు వన్నెలు గలది యని. ఆ ఒక్క మాటలో వారు రంగు నూలును భద్రముగా దాచియుంచిరి.

16వ వచనమున గోలెము అను నామవాచకము వచ్చుచున్నది. హెబ్రీ పరిశుద్ధ గ్రంథమంతటిలో ఇది ఒక్క చోటనే కనబడును. రూపము ఏర్పడనిది, ఇంకను చుట్టచుట్టుకొని యున్నది అని దాని భావము. గ్రీకు అనువాదకులు దానిని పని ముగియనిదానిగా తర్జుమా చేసిరి. తరువాతి కాలపు హెబ్రీ భాషలో పూర్తికాని పాత్రకు కూడ ఈ పేరు చెల్లినది. తెలుగులో అది “పిండము” అయినది. కీర్తనకారుడు చెప్పునది ఇంతమాత్రమే: తాను గోలెముగా నున్నప్పుడే దేవుని కన్నులు తనను చూచెను. రూపము వచ్చినందున చూడబడెనని కాదు. చూడబడిన తరువాతనే రూపము వచ్చెను.

నేతకు చెందిన ఈ మాటలు గుజరాతులోని సూరత్ నగరమును మనకు జ్ఞాపకము చేయుచున్నవి. తాపీ నది యొడ్డుననున్న ఆ పట్టణము వస్త్రములకు, జరీ పనికి శతాబ్దములుగా పేరు పొందినది. దక్షిణ దేశపు పట్టుచీరల అంచులలో మెరయు జరీ అనేక పర్యాయములు అక్కడినుండి వచ్చినదే. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములును, ఇతర తెలుగువారును మరమగ్గముల పనికై దశాబ్దములుగా అక్కడికి వలసపోయిరి. వారి పిల్లలకొరకు ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుచు వచ్చినది. క్రైస్తవ చరిత్రలోను ఆ పట్టణమునకు స్థానము కలదు. మన విశాఖపట్టణమునకు 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అను మిషనెరీలను పంపిన లండన్ మిషనెరీ సంఘమే 1815లో స్కిన్నర్, ఫైవీ అనువారిని సూరత్‌నకు పంపెను. వారు గుజరాతీ బైబిలును అనువదించి, 1820వ దశకపు తొలి సంవత్సరములలో ఆ పట్టణమునందే అచ్చువేయించిరి. ఈ కీర్తన గుజరాతీలో అచ్చయి వెలువడినది నేతపనివారి నడుమనే.

మగ్గము ఎరిగిన వారికి ఈ పోలిక వెంటనే తెలియును. పడుగు ఎక్కించి పేక నాలుగు వేళ్ల మేర మాత్రమే నేసినప్పుడు చూడవచ్చిన అన్యునికి అక్కడ దారములే కనబడును. నేతగానికి అక్కడ చీర కనబడును. అంచు ఎక్కడ ముగియునో, కొంగు ఎక్కడ మొదలగునో అతనికి తెలియును. అతడు దానిని చీర అని పిలుచుట అతిశయోక్తి కాదు. చేతిలోనున్న పనిని దాని పేరుతో పిలుచుటయే.

2. తొమ్మిది నెలల మరుగు పని

ఇక ఆ మరుగు స్థలములో జరుగు పనిని కొంత చూతము. ఇక్కడ చెప్పు దినములు ఫలదీకరణమునుండి లెక్కించినవి. వైద్యులు కడపటి ముట్టు మొదటి దినమునుండి లెక్కింతురు గనుక వారి లెక్కలో రెండు వారములు అధికముగా నుండును.

ఆరంభమున ఉన్నది ఒక కణము. దాని వ్యాసము మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. 1827లో ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు క్షీరదముల అండమును కనుగొనువరకు దానిని ఎరిగినవారు లేరు. అనగా సూరత్‌లో కూర్చుండి ఈ కీర్తనను తర్జుమా చేసినవారికి గాని, వేల సంవత్సరములకు ముందు దానిని పాడినవారికి గాని ఈ కణమును గూర్చి తెలియదు. తెలియకయే వారు రూపములేని ఆరంభమును గూర్చి మాటలాడిరి.

ఆరవ దినము ప్రాంతమున ఆ కణముల గుంపు గర్భాశయపు గోడను అంటుకొనుట మొదలిడును. 22వ దినము ప్రాంతమున గుండె కొట్టుకొనుటకు ఆరంభించును. మెదడును వెన్నుపామును కాబోవు గొట్టము 28వ దినమునకు మూసికొనును. అప్పటికి అనేకమంది తల్లులకు తాము గర్భవతులమను నిశ్చయమే కలుగదు. ఎనిమిది వారములు నిండునప్పటికి ప్రధానమైన అవయవములన్నిటికి పునాది పడియుండును. బిడ్డ పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు మాత్రమే. చేతులు మొదట తెడ్డువలె బల్లపరుపుగా ఏర్పడును. వ్రేళ్ల నడుమనున్న కణములు నియమిత సమయమున తమంతట తాము చనిపోవుటవలన వ్రేళ్లు విడివడును. నాలుగైదు నెలలు వచ్చునప్పటికి వ్రేళ్ల కొనలయందలి ముద్రలు స్థిరపడును. ఆ ముద్రలవంటివి మరియొకరికి ఉండవు. ఒకే రూపముగల కవలలకు కూడ అవి వేరుగానే యుండును.

వైద్యుల లెక్కలో 18 నుండి 20 వారముల నడుమ తొలిచూలు తల్లి బిడ్డ కదలికను తెలిసికొనును. 25వ వారము ప్రాంతమున బిడ్డ శబ్దములకు చలించుట కనబడును. వెలుపలి శబ్దములు గర్భములోనికి మందగించి చేరును. తల్లి స్వరము మాత్రము ఆమె దేహము ద్వారా స్పష్టముగా చేరును. పుట్టిన బిడ్డలు ఇతర స్త్రీల స్వరముకంటె తమ తల్లి స్వరమునే కోరుదురని 1980లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది. సూరత్‌లోని తెలుగు తల్లిని తలంచుడి. ఆమె చుట్టును వీధిలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒరియా మాటలు; రేయింబవళ్లు మరమగ్గముల మ్రోత. వాటి నడుమ ఆమె బిడ్డ మొదట వినునది ఆమె తెలుగును. ఆ బిడ్డకు మాతృభాష పుట్టకమునుపే ప్రారంభమైనది. వినువాడు అక్కడ ఉన్నాడనుటకు ఇంతకంటె సులభమైన సాక్ష్యము ఏది?

ఏడవ నెల ప్రాంతమున కనురెప్పలు విడివడును. కడపటి వారములలో ఊపిరితిత్తులు గాలికి సిద్ధపడును, మెదడు ముడతలు దేరును. ఈ పనియంతయు సుమారు 266 దినములలో ముగియును.

ఈ వివరములలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నేత అను ఉపమానమునకు ఒక హద్దు కలదు. నేతగాడు బట్టకు వెలుపల కూర్చుండి నేయును. బిడ్డ వెలుపలినుండి చేయబడుట లేదు, లోపలినుండి పెరుగుచున్నాడు. తనను పోషించు మావిని సయితము అధిక భాగము బిడ్డ కణములే నిర్మించుకొనును. తల్లి రక్తమును బిడ్డ రక్తమును సాధారణముగా కలియవు. పలుచని పొరల గుండా ఒకరినుండి ఒకరికి ఆహారమును ప్రాణవాయువును అందును. వారు ఒకటి కారు. ఇంకను విడిపోయిన ఇద్దరును కారు. దేవుడు పెరుగుదల ధర్మమును బయటికి నెట్టి తన చేతిని చూపడు. ఆ ధర్మము ఆయన చేతి పనియే. రెండవది, ఈ దినములన్నిటిలో నిన్నటివరకు వస్తువు, నేటినుండి మనుష్యుడు అని గీటు గీయుటకు తగిన ఉదయము ఒక్కటియు కనబడదు. ఒక మార్పు మరియొక మార్పులోనుండి వచ్చుచున్నది.

3. దినములు లెక్కించినవారు

అయినను ఆ గీటును గీయుటకు మనుష్యులు బహుకాలముగా ప్రయత్నించిరి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు మగ పిండము నలువదవ దినము ప్రాంతమునను, ఆడ పిండము తొంబదవ దినము ప్రాంతమునను కదలుననెను. మధ్యయుగములలో థామస్ అక్వినాసు కూడ మగ పిండము నలువదవ దినమున, ఆడ పిండము తొంబదవ దినమున రూపము దాల్చునని వ్రాసెను. ఈ లెక్కలో దాగియున్న సంగతిని గమనింపుడి: ఆడ బిడ్డ మనుష్యురాలగుటకు మగ బిడ్డకంటె ఏబది దినములు ఎక్కువ పట్టునట! నేటి శాస్త్రము ఈ మాటను పూర్తిగా కొట్టివేసినది. ఆడయో మగయో అనునది తండ్రి బీజకణమునుబట్టి మొదటి దినముననే నిర్ణయమగును. వెలుపలి అవయవములు రెండవ నెల చివరివరకు ఇద్దరిలోను ఒకే విధముగా కనబడును.

అనువాదము కూడ ఈ చరిత్రలో ఒక పాత్ర వహించినది. నిర్గమకాండము 21వ అధ్యాయములో ఇద్దరు పోట్లాడుచు గర్భవతికి దెబ్బ తగిలించిన సందర్భమున్నది. హెబ్రీ మూలములో ప్రశ్న హాని కలిగెనా, కలుగలేదా అనునది. క్రీస్తుకు పూర్వము అలెక్సంద్రియలో దానిని గ్రీకులోనికి తెచ్చినవారు ఆ ప్రశ్నను మార్చి, శిశువు రూపము దాల్చెనా, దాల్చలేదా అని వ్రాసిరి. రూపము దాల్చని దానికి జరిమానా, దాల్చినదానికి ప్రాణమునకు ప్రాణము. ఈ గ్రీకు పాఠమునుండి ప్రాచీన లాటిను పాఠమును, దానినుండి అగస్టీను మొదలగువారి ఆలోచనయు ప్రభావితమాయెను. ఒక్క మాట తర్జుమా అనేక శతాబ్దముల నీతిశాస్త్రమును ఒక త్రోవకు మళ్లించినది. అనువాదకుని కలము ఎంత బరువైనదో దీనివలన గ్రహింపవచ్చును.

అందరును ఆ త్రోవను పోలేదు. నాలుగవ శతాబ్దమున కైసరియ అధ్యక్షుడైన బాసిలు, రూపము దాల్చినది, దాల్చనిది అను సూక్ష్మ విచారణ తమ మధ్య లేదని తన లేఖలో వ్రాసెను. సంస్కర్తయైన కాల్విను ఈ నిర్గమకాండ భాగమునకు వ్యాఖ్యానము వ్రాయుచు, గర్భములో మూయబడియున్నను శిశువు అప్పటికే మనుష్యుడని పలికెను.

ఇక్కడ ఒక కష్టమును దాచుట న్యాయము కాదు. మొదటి రెండు వారములలో పిండము రెండుగా విడిపోయి కవలలగుట సాధ్యము. ఫలదీకరణము చెందినవాటిలో అనేకములు గర్భాశయమును అంటుకొనకయే గతించును. కావున మొదటి క్షణముననే సంపూర్ణ వ్యక్తి యున్నాడని చెప్పుటకు కొందరు భక్తిగల వేదాంతులు సందేహించుదురు, మరికొందరు సందేహింపరు. ప్రొటెస్టెంటు సంఘములలో ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. అయితే తెలియనితనమునకు రెండు ఫలములుండవచ్చును: నిర్లక్ష్యము, భయభక్తులు. చీకటి గదిలో ఎవరైనను నిద్రించుచున్నారేమో అను సందేహమున్నప్పుడు, లేరని నిరూపించువరకు మనము మెల్లగానే అడుగు వేయుదుము. మన లెక్క తేలకపోవుట ఆ చిన్న ప్రాణముపై మనకు అధికారమిచ్చు పత్రము కానేరదు.

ప్రసంగి 11వ అధ్యాయము గర్భములో ఎముకలు ఎదుగు రీతి మనకు తెలియదని చెప్పుచున్నది. నేడు ఆ రీతి మనకు చాలవరకు తెలిసినది. రీతి తెలిసినంత మాత్రమున విలువ తెలిసినట్టు కాదు. కారణమేమనగా, ఏ దినమున ఏ అవయవము వచ్చునని ఎంత సరిగా చెప్పినను, ఏ అవయవమువలన మనుష్యుని విలువ కలుగునో ఏ సూక్ష్మదర్శినియు చూపజాలదు. విలువను అవయవముల మొత్తముగా లెక్కించినయెడల, పుట్టిన తరువాత అవయవము కోల్పోయినవాని విలువ తగ్గవలెను. జ్ఞాపకశక్తి పోయిన వృద్ధుని విలువ తగ్గవలెను. మన మనస్సాక్షి దీనిని ఒప్పుకొనదు.

4. లోపములను వెదకు కన్ను

కావున ఎప్పటినుండి అను ప్రశ్నకంటె ముందుగా వేయవలసిన ప్రశ్న మరియొకటి కలదు: మనము ఏ కన్నుతో చూచుచున్నాము?

సూరత్‌లో మగ్గముతో పాటు మరియొక వృత్తి కలదు. లోకములోని వజ్రములలో పదింట తొమ్మిది వంతులవరకు అక్కడనే సాన పట్టబడునని చెప్పుదురు. వజ్రమును పరీక్షించువాడు కంటికి భూతద్దము పెట్టుకొని బరువు, రంగు, స్వచ్ఛత, కోత అను నాలుగింటిని చూచి తరగతి నిర్ణయించును. లోపమున్నదానిని ప్రక్కకు త్రోయును. వజ్రముల విషయమున అది న్యాయమైన పని. బిడ్డలను ఆ కన్నుతో చూచునప్పుడు అది ఘోరమగును.

గర్భములోనికి చూచు యంత్రము పుట్టిన విధము ఆలోచింపదగినది. 1950వ దశకమున గ్లాస్గో నగరములో ఇయాన్ డోనాల్డ్ అను వైద్యుడు, లోహములలో పగుళ్లను కనుగొనుటకు కర్మాగారములలో వాడు ధ్వనితరంగ యంత్రమును రోగుల పరీక్షకు ఉపయోగించి చూచెను. 1958లో అతడును అతని సహచరులును ప్రకటించిన వ్యాసమున గర్భస్థ శిశువు చిత్రములుండెను. ఆ యంత్రమునకు మనము కృతజ్ఞులమై యుండవలెను. మావి అడ్డుగా నున్నదని, కవలలున్నారని, గుండెకు చికిత్స కావలెనని ముందుగా తెలియుటవలన ఎందరో తల్లులును బిడ్డలును బ్రదికిరి. అయినను లోహములో లోపము వెదకుటకు పుట్టిన ఆ యంత్రమును మన దేశమున ఆడతనమునే లోపముగా ఎంచినవారు చేతబట్టిరి.

2011 జనాభా లెక్కలలో సూరత్ జిల్లాయందు 1000 మంది పురుషులకు 787 మంది స్త్రీలు మాత్రమే యుండిరి. దీనికి ప్రధాన కారణము పనికై ఒంటరిగా వచ్చిన పురుషుల వలస. కాని ఆరేండ్లలోపు పిల్లల లెక్కకు ఆ కారణము చాలదు. అందులో 1000 మంది మగ పిల్లలకు 835 మంది ఆడ పిల్లలే యుండిరి. దేశమంతటికి ఆ సంఖ్య 919. సహజముగా 1000 మంది మగ శిశువులకు సుమారు 950 మంది ఆడ శిశువులు పుట్టుదురు. ఇది గుజరాతు దోషమని చెప్పి మనము తప్పించుకొనలేము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961గా నుండిన ఈ సంఖ్య 2011నాటికి 939కి తగ్గెను. గర్భస్థ శిశువు లింగమును తెలుపుటను నిషేధించు చట్టము 1994లో చేయబడి 1996లో అమలునకు వచ్చినది. 2003లో మరింత కఠినము చేయబడినది. గుజరాతు ప్రభుత్వము 2005లో బేటీ వధావో అను ఉద్యమమును ప్రారంభించినది. చట్టము చేయిని ఆపగలదు. కన్నును మార్చుట దానికి శక్యము కాదు.

అరిస్టాటిలు లెక్కలో ఆడ బిడ్డ ఏబది దినములు వెనుకబడినది. మన లెక్కలో ఆమె లేకయే పోయినది. రెండింటికి మూలము ఒక్కటే: బిడ్డ ఏమగునో చూచిన తరువాత ఆ బిడ్డకు విలువ నిర్ణయింతుమనుట. 139వ కీర్తనలోని కన్నులు దీనికి విరోధమైనవి. అవి పరీక్షించి అంగీకరించు కన్నులు కావు. అంగీకరించి పెంచు కన్నులు.

5. గర్భములోనున్న ప్రభువు

క్రైస్తవునికి ఈ మాట ఒక కీర్తనలోని భావముగానే నిలిచిపోదు. అది శరీరధారియై వచ్చినది. దేవుని కుమారుడు యౌవనస్థుడుగా ఆకాశమునుండి దిగి రాలేదు. తన సహోదరులను అన్ని విషయములలో పోలినవాడాయెనని హెబ్రీ పత్రిక 2వ అధ్యాయము బోధించుచున్నది. ఆ “అన్ని”టిలో గోలెముగా నుండుట కూడ చేరియున్నది. మన ప్రభువు ఒకప్పుడు కంటికి కనబడనంత చిన్నవాడు.

లూకా సువార్త మొదటి అధ్యాయమును నెమ్మదిగా చదివిన యెడల ఒక సంగతి బోధపడును. మరియ దూత మాట వినిన తరువాత త్వరపడి యూదయ కొండసీమకు ప్రయాణమైనది. ఆమె ఎలీసబెతు ఇల్లు చేరునప్పటికి ఆమె గర్భమందలి శిశువు వయస్సు దినములలోనే లెక్కింపదగినది. ఆకారము లేదు, బహుశః గుండె చప్పుడును లేదు. ఆ సమయముననే ఎలీసబెతు ఆమెను తన ప్రభువు తల్లియని పిలిచెను. రూపము లేనివానిని ఆమె ప్రభువనెను. ఆమె గర్భమందలి ఆరు నెలల యోహాను సంతోషముతో గంతులు వేసెను. పుట్టని యోహానునకు లూకా వాడిన బ్రెఫోస్ అను గ్రీకు మాటనే తొట్టిలో పరుండిన యేసునకును, జనులు ఆయనయొద్దకు ఎత్తుకొని వచ్చిన శిశువులకును వాడెను. గర్భమునకు ఇవతల ఒక పేరు, అవతల మరియొక పేరు అతడు పెట్టలేదు.

ఈ సంగతి జరిగినది రాజభవనములో కాదు. పేద కన్యక, కొండదారి ప్రయాణము, తరువాత జనసంఖ్య వ్రాయించుకొనుటకు ఊరుగాని ఊరు. పని వెదకుచు ఊరు విడిచిన మన కుటుంబములకు ఈ కథ దూరమైనది కాదు.

6. సంఘము చేయవలసినది

సత్యము మాటలతో ముగియరాదు. మొదటిగా, గర్భస్థ శిశువును గౌరవించుటకు తల్లిని గౌరవించుటకంటె దగ్గరి దారి లేదు. వెన్నుపాము గొట్టము నాలుగవ వారముననే మూసికొనును గనుక ఫోలికామ్లము గర్భము నిలుచుటకు ముందే అవసరము. రక్తహీనతతో నున్న తల్లికి ఇనుము మాత్రలు, పప్పు, ఆకుకూరలు, విశ్రాంతి కావలెను. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము 2017లో సవరింపబడి 26 వారముల సెలవునిచ్చినది. కాని ఇంటివద్ద చీరలకు రాళ్లు అంటించి, జరీ అంచులు కుట్టి, చీరకు ఇంత అని కూలి పుచ్చుకొను స్త్రీకి ఆ సెలవు ఎక్కడినుండి వచ్చును? శిశువు ప్రాణము పవిత్రమని బోధించి, ఆ శిశువును మోయు ఆకలిగొనిన తల్లిని చూడక పోవు సంఘము తన బోధను తానే ఖండించుకొనును. కాన్పునకు పుట్టింటికి పోవుటకు దారిఖర్చు లేని సోదరికి ఆ ఖర్చు ఇచ్చుట ఒక మంచి ప్రసంగముతో సమానము.

రెండవదిగా, గర్భము పోయిన తల్లిని గూర్చి. వైద్యులు గుర్తించిన గర్భములలో పదింట ఒకటికి తక్కువ కాకుండ నెలలు నిండకయే పోవును. తొలి నెలలలో పోవువాటికి ఎక్కువగా కారణము కణములలోని పొరపాటే. తల్లి నడచిన నడకయు, తిన్న పండును, చేసిన పాపమును కాదు. గ్రుడ్డివాడుగా పుట్టినవానిని చూచి ఎవరు పాపము చేసిరని అడిగిన శిష్యులకు ప్రభువిచ్చిన జవాబు ఆమెకును చెల్లును. శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతి యొకటి ఇక్కడ తలంపదగినది: బిడ్డ కణములు కొన్ని తల్లి దేహములో ప్రవేశించి, దశాబ్దముల తరువాత కూడ నిలిచియుండుట కద్దు. తాను మోసిన బిడ్డను తల్లి మరువలేదనుట మనస్సుకు మాత్రమే చెందిన మాట కాదు. ఆమె దుఃఖమునకు పేరు పెట్టి ప్రార్థించుటకు సంఘము సిగ్గుపడరాదు.

మూడవదిగా, మన మధ్యనే మరియొక దుఃఖము కలదు. ఇతరుల బలవంతముచేతనో, భయముచేతనో, అత్తింటి మాటలకు తాళలేకనో, ఆడ బిడ్డయని తెలిసి గర్భము తీయించుకొనిన సోదరీమణులు మన బల్లలమీదనే కూర్చుండియున్నారు. వారిని ప్రేరేపించిన పురుషులు కొన్ని వేళల ముందు వరుసలో కూర్చుండియున్నారు. ఇద్దరిని ఒకే తూనికతో తూచుట న్యాయము కాదు. ముందు చెప్పిన బాసిలు ఈ పాపమును తేలికగా ఎంచలేదు. అయినను జీవితాంతము వెలివేయరాదని, స్వస్థతను కాలముచేత గాక పశ్చాత్తాపముచేత కొలువవలెనని వ్రాసెను. రూపము లేనిదానిని చూచిన కన్నులే విరిగిన హృదయమును కూడ చూచుచున్నవి. సిలువ నీడలోనికి రాకూడని పాపి లేడు.

కడపటిగా, మన ఇండ్లలో ఆడ బిడ్డ పుట్టినప్పుడు చెప్పు మాట మారవలెను. పోనిమ్ము, ఈసారికి ఆడపిల్ల అనుమాట క్రైస్తవుని నోట రాదగినది కాదు. మగ బిడ్డకు చేసిన కృతజ్ఞతార్పణయే ఆమెకును చేయుదుము. లోపముతో పుట్టిన బిడ్డను కౌగిలించుకొను తలిదండ్రులను సంఘము ఒంటరిగా విడువకుండును గాక. అది కూడ ఈ కీర్తనకు వ్యాఖ్యానమే.

ప్రియ పాఠకులారా, మనలో ఒక్కరును గోలెముగా నుండకుండ ఇంతవరకు వచ్చినవారు కారు. మనలను ఎరిగినవారు, మెచ్చుకొనినవారు, మనకు తరగతి నిర్ణయించినవారు ఎవరును లేని దినములు మనకుండెను. మనలో మెచ్చదగినది ఒక్కటియు లేని ఆ దినములలో మనము చూడబడితిమి. అట్లు చూడబడినవారు ఇతరులను మరియొక విధముగా చూచుట తగునా? నేతగాడు మగ్గమునుండి ఇంకను దింపని బట్టను మధ్యలో కోసి, ఇది చాలునా చాలదా యని ఎవరిని అడుగడు. దానిని నేయుచునే యుండును. మన కన్నులను ఆయన కన్నులవలె చేయుమని ఆయననే వేడుకొందము.